జ్వరం లేదు, గస తగ్గలేదు: గుండెలో రంధ్రంతో పుట్టిన మా పెయ్యదూడ 73 రోజులు

మందులు వాడినా తగ్గని గస, థర్మామీటరు పెడితే లేని జ్వరం. ఈ రెండూ కలిసి కనబడిన రోజే "సార్, ఒకసారి గుండె వినండి, రెండు పక్కలా వినండి" అని అడగాల్సింది. మేము ఆ మాట దాకా వచ్చేసరికి దూడకు 31 రోజులు నిండాయి. మీ కొట్టంలో ఇలాంటి దూడ ఉంటే ఆ రోజులు మీకు మిగలాలని ఇది రాస్తున్నా. జరిగింది జరిగినట్టు, తేదీలతో సహా.

మాది కడప జిల్లా, జమ్మలమడుగు దగ్గర పల్లె. జెర్సీ సంకర ఆవు, మూడో ఈత. ఎద సూది (చూడి కోసం వీర్యం ఎక్కించే సూది) వేయించింది 2024 ఫిబ్రవరి 5న. నవంబర్ 12 తెల్లవారుజామున 5 గంటలకు ఈనింది, సరిగ్గా 281 రోజులు. కాన్పు సాఫీగానే జరిగింది, ఎవరూ చెయ్యి పెట్టే పని పడలేదు. దూడ గంటలోపే లేచి నిలబడింది. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాశాం, రెండు లీటర్ల దాకా ముర్రుపాలు తాగింది. తూకం 21 కిలోలు. గుండెలో తేడా ఉన్న దూడ పుట్టగానే తేడాగా కనబడాలని లేదు, ఇది నేను నేర్చుకున్న మొదటి సంగతి. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ఇంకా బిగుసుకునే ఉంటాయి, గుండె కుడివైపునా ఒత్తిడి ఎక్కువగానే ఉంటుంది. అందుకని రంధ్రం ఉన్నా అందులోంచి పారే రక్తం తక్కువ. రోజులు గడిచి ఆ నాళాలు సడలేకొద్దీ ఎడమ గది నుంచి కుడి గదిలోకి పారకం పెరుగుతుంది. మా దూడకు సరిగ్గా రెండో వారంలో మొదలైంది.

నవంబర్ 21. మామూలు దూడ పాలు కుడిచేటప్పుడు పొదుగును తలతో కుమ్ముతుంది, తోక ఆడిస్తుంది, మూతి నిండా నురుగు కడుతుంది. ఇది నాలుగు గుక్కలు తాగి చన్ను వదిలేసేది. మెడ ముందుకు చాచి, ముక్కుపుటాలు విప్పి, అర నిమిషం నిలబడేది. మళ్ళీ నాలుగు గుక్కలు. ఆవుకు చన్నులు గట్టివేమో, పాలు చేపడం లేదేమో అనుకున్నాం. మరుసటి రోజు ఏలికపాములకు పైపరజీన్ తాగించాం. అమ్మ దిష్టి తీసింది. ఆకలి లేని దూడ వేరు, ఆకలి ఉండీ తాగలేక ఆగే దూడ వేరు. ఆ తేడా అప్పుడు మా కళ్ళకు ఆనలేదు.

నవంబర్ 29కి పడుకున్నప్పుడు కూడా డొక్కలు ఎగురుతున్నాయి. పశువులకు వైద్యం చేయడానికి ఊళ్ళోకి వచ్చే ఆయన్ను పిలిచాం. జ్వరం 101.8. దూడకు ఇది మామూలే, 102.5 దాకా ఉండొచ్చు. ఊపిరితిత్తుల్లో నెమ్ము అని చెప్పి ఐదు రోజులు యాంటీబయాటిక్, నొప్పి సూది రాశారు. ఖర్చు 650. రెండో రోజుకు కొంచెం నయం అనిపించింది, అది మా ఆశ అనుకోండి. డిసెంబర్ 8న మళ్ళీ మొదటికే వచ్చింది. ఈసారి వేరే ఆయన, ఇంకో యాంటీబయాటిక్, ఖరీదైనది, 1,150. నాలుగు రోజులైనా గస అణువంత తగ్గలేదు. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు. చలికాలం, మంచు, నెల లోపు దూడ, గస అంటే వందలో తొంభై మంది నెమ్మనే అంటారు, ఎక్కువసార్లు నెమ్మే అవుతుంది కూడా. నాకున్న కంప్లయింటల్లా ఒకటే: రెండోసారి వచ్చినాయన థర్మామీటరు తీయలేదు, స్టెతస్కోపు మెడలోనే ఉంది.

ఆ నాలుగు రోజుల్లో నేను చేసిన ఒకే ఒక్క పనికొచ్చే పని ఊపిరి లెక్కపెట్టి రాసుకోవడం. దూడ నిద్రపోతున్నప్పుడు, ఎండ లేనప్పుడు, దూరంగా కూర్చుని డొక్క ఎన్నిసార్లు లేచిందో గడియారం పెట్టుకుని నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే లెక్క తప్పుతుంది. ఆ వయసు దూడకు 25 నుంచి 40 మధ్య ఉండాలి. మాదానికి 64, 70, 68, 72. పక్కన ఉదయం జ్వరం, సాయంత్రం జ్వరం, ఎన్నిసార్లు పాలు వదిలి నిలబడింది. ఒక పేజీ అయింది. ఆ పేజీ చూశాకే తర్వాత వచ్చిన డాక్టర్‌సారు మాకు టైమిచ్చారు.

అది డిసెంబర్ 13. ఆయన మొదట చిగుళ్ళు చూశారు, గులాబీ రంగులోనే ఉన్నాయి. బొడ్డు నొక్కి చూశారు, వాపు లేదు, చీము లేదు. బొడ్డు చెడితే ఆ క్రిములు రక్తంలో పడి గుండె కవాటాల మీద కూర్చుంటాయట, అప్పుడూ గుండెలో తేడా చప్పుడు వస్తుందట. తర్వాత ఎడమ ముందు కాలిని ముందుకు లాగి పట్టుకోమన్నారు. దూడల్లో గుండె మోచేతి వెనక కాదు, చాలా భాగం మోచేతి కిందనే దాక్కుని ఉంటుంది. కాలు ముందుకు లాగకుండా విన్నవాళ్ళకు అసలు చోటు దొరకదు. మూడు, నాలుగు, ఐదో పక్కటెముకల సందుల్లో ఒక్కోచోటా ఆగి ఆగి విన్నారు. ఆ తర్వాత కుడివైపు వచ్చారు.

"గుండె ఎడమ పక్కన కదా సార్?"

"చెయ్యి ఇట్లా పెట్టుప్పా."

నా అరచేతిని కుడి మోచేతి లోపలికి, ఎముకల సందులోకి తోసి పెట్టారు. బోరు మోటారు ఆడుతున్నప్పుడు డెలివరీ పైపు మీద చెయ్యి పెడితే వచ్చే వణుకు ఉంటుంది చూడండి, అచ్చం అది. గుండె కొట్టుకునే దెబ్బ వేరుగా తెలుస్తోంది, దాని మీద ఈ జుమ్మనే వణుకు వేరుగా తెలుస్తోంది. నిమిషానికి 150 దాకా కొట్టుకుంటోంది. స్టెతస్కోపు నా చెవిలో పెట్టారు. లబ్-డబ్ అని విడివిడిగా రావాల్సిన చోట ఉఫ్-ఉఫ్ అని కొలిమి తిత్తి ఊదినట్టు ఒకటే చప్పుడు. ఆరింట ఐదో తరగతి మర్మర్ అన్నారు, గుండెలో వచ్చే ఈ తేడా చప్పుడును అలా అంటారు. చేతికి వణుకు తగిలిందంటే ఐదుకు తక్కువ ఉండదట.

ఎడమ గదిలో ఒత్తిడి ఎక్కువ, కుడి గదిలో తక్కువ. రెంటి మధ్య గోడలో చిల్లు ఉంటే రక్తం ఎడమ నుంచి కుడికి చిమ్ముతుంది. చిమ్మే దిక్కు కుడి కాబట్టి చప్పుడు కుడివైపే గట్టిగా వినబడుతుంది. ఎడమవైపు మాత్రమే విని "గుండె బాగానే ఉంది" అన్న దూడల్లో ఎన్నిటికి ఇది ఉందో.

ఆయన చెప్పిన ఇంకో రెండు ముక్కలు నాకు తలకెక్కడానికి టైం పట్టింది. ఒకటి, చప్పుడు పెద్దదైతే చిల్లు పెద్దదని కాదు. నీళ్ళ పైపు మూతికి వేలు అడ్డం పెడితే సర్రున చప్పుడు చేస్తూ చిమ్ముతుంది, వేలు తీసేస్తే చప్పుడు లేకుండా పారుతుంది. చిన్న చిల్లు గట్టిగా అరుస్తుంది, మరీ పెద్ద చిల్లు మెత్తగా ఉంటుంది. రెండు, చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయి కదా అని గుండె జబ్బు కాదనుకోవద్దు. ఇక్కడ మంచి రక్తమే తప్పుదారిన పోయి ఊపిరితిత్తులకు రెండోసారి వస్తోంది. అందుకే ఊపిరితిత్తులు బరువెక్కి గస. ఏళ్ళో నెలలో గడిచి కుడివైపు ఒత్తిడి ఎడమను దాటితే దారి తిరగబడుతుంది, అప్పుడే మోర, చిగుళ్ళు నీలంగా మారతాయి.

తోక ఎముకలు తడిమి, కళ్ళు రెండూ సమానంగా ఉన్నాయా, అంగుడు చీలి ఉందా అని కూడా చూశారు. ఈ లోపంతో పాటు తోక కురచగానో, కన్ను చిన్నదిగానో పుట్టడం దూడల్లో ఉంటుందట. మాదానికి అవేవీ లేవు.

తూకానికి టేపు వాడాం. ముందు కాళ్ళ వెనక చుట్టుకొలత 27 అంగుళాలన్నర, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా పొడవు 23 అంగుళాలన్నర. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. 27 వచ్చింది. దీని అక్క నెలకు 33 దాటింది. ముప్పై ఒక్క రోజుల్లో ఆరు కిలోలు, అంటే తాగిన పాలన్నీ గస పోయడానికే ఖర్చయ్యాయి.

అదే రోజు రక్తం తీశారు, 350 రూపాయలు. రక్తం పలచబడినా గుండెలో ఒక చప్పుడు వస్తుంది, పిడుదు జ్వరాల్లో, కడుపు పురుగుల్లో. అది ముందు కొట్టెయ్యాలి. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది: హిమోగ్లోబిన్ 10.2, పిడుదుల వల్ల వచ్చే థైలీరియా లేదు. పశువుకు 8 నుంచి 15 మధ్య ఉంటే చాలు. ఇక మిగిలింది గుండె స్కానింగే.

ఇక్కడ ఒక ట్రిప్పు దండగైంది. స్కానింగ్ మిషన్ ఉందంటే చాలనుకుని డిసెంబర్ 17న ఒకచోటికి ట్రాలీ ఆటోలో తీసుకుపోయాం. వాళ్ళ దగ్గర ఉన్నది చూడి చూసే మిషన్. దాని ప్రోబు, అంటే ఒంటికి ఆనించే భాగం, పొడుగ్గా, పక్కటెముకల సందులో ఆనకుండా ఉంటుంది, రక్తం పారే తీరును రంగుల్లో చూపే డాప్లరూ లేదు. ఆటో 800, ఫీజు 500, దూడకు పూటంతా హింస. ఫోన్లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "గుండె చూసే ప్రోబు, కలర్ డాప్లర్ ఉన్నాయా?" ఉంది, లేదు అని సూటిగా జవాబు వచ్చాకే ఆటో మాట్లాడుకోండి.

డిసెంబర్ 20, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల. మాకు ఇరవై కిలోమీటర్లు. ఆటో 1,200, చీటీ, స్కానింగ్ కలిపి 250. దూడను తీసుకుపోయే తీరు ముఖ్యం. బయల్దేరడానికి రెండు గంటల ముందు సగం పాలే ఇచ్చాం. కింద వరిగడ్డి మందంగా పరిచి రొమ్ము మీద కూర్చోబెట్టాం. కాళ్ళు కట్టి పక్కకు పడుకోబెడితే ఇలాంటి దూడ దారిలోనే పోవచ్చు. 8:40కి చేరాం, చీటీ 9:15కి, మొదట చూసింది 10:30కి, స్కానింగ్ గదిలోకి 12:10కి. మత్తు ఇవ్వలేదు. పశువులకు జైలజీన్ అనే మత్తుమందు అసలే చిన్న మోతాదుకే బాగా ఎక్కుతుంది, గుండె వేగాన్ని కింద పడేస్తుంది. నిలబెట్టే చేశారు, నేను తల పట్టుకున్నా, ఒక విద్యార్థి కుడి కాలు ముందుకు లాగి పట్టుకున్నాడు. కుడి మోచేతి వెనక జానెడు మేర బొచ్చు గొరిగి, స్పిరిట్ తుడిచి, జెల్ రాసి నాలుగో సందులో ప్రోబు పెట్టారు. చేయి పీకుతున్నా పట్టు వదల్లేదు, ఇరవై ఐదు నిమిషాలు.

తెర మీద బూడిద రంగులో గోడ కనబడుతోంది. గోడ పైభాగంలో, ఎడమ గది నుంచి పెద్ద ధమని బయల్దేరే కవాటం కిందనే, గీత తెగిపోయింది. రంగు మీట నొక్కగానే ఆ తెగిన చోట నుంచి పసుపు, నీలం, ఎరుపు కలగలిసి మంటలా కుడివైపుకు చిమ్మింది. చిల్లు 1.4 సెంటీమీటర్లు. కొలత ఒక్కటే చూడరు, దాన్ని పెద్ద ధమని వెడల్పుతో పోల్చి చూస్తారు. మాది సగం దాటింది. చిమ్మే వేగం సెకనుకు 3 మీటర్లు. వేగం 4 దాటి ఉంటే రెండు గదుల మధ్య ఒత్తిడి తేడా నిలబడి ఉందని, చిల్లు చిన్నదని అర్థం. అలాంటివి చప్పుడు చేస్తూనే పెరిగి పెద్దయి పాలిచ్చేవీ ఉన్నాయట. మాది ఆ జాబితాలోది కాదు. ఎడమ గదులు రెండూ సాగిపోయి ఉన్నాయి.

పశువుల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో అన్నిటికంటే ఎక్కువ కనబడేది ఇదేనట. ఆపరేషన్ అడిగాను. మనుషుల పిల్లలకు చేసినట్టు గుండె ఆపి, మిషన్ పెట్టి చిల్లు మూయడం రైతు దూడకు జరిగే పని కాదన్నారు. ఒంట్లో నీరు తీసే మందుతో గస తగ్గించడం, తిండి తీరు మార్చడం, ఎక్కువ బాధపడితే ఏం చేయాలో ముందే అనుకోవడం, ఇంతే. పాపం ఆ మాట స్కానింగ్ చేసిన డాక్టర్ నేల చూస్తూ చెప్పారు.

మందు పేరు ఫ్యూరోసెమైడ్. కిలోకు 1 మిల్లీగ్రాము, కండకు, పూటకు ఒకటి చొప్పున రోజుకు రెండు. 27 కిలోలకు 27 మి.గ్రా. మనుషుల మెడికల్ షాపులో దొరికే ఆంప్యూల్‌లో మిల్లీలీటరుకు 10 మి.గ్రా. ఉంటుంది, అంటే 2.7 మి.లీ. పెద్ద పశువులకని అమ్మే సీసాలో మిల్లీలీటరుకు 50 మి.గ్రా. ఉండేదీ ఉంది. అదే 2.7 మి.లీ. దాన్నుంచి తీస్తే ఐదు రెట్లు మందు పోతుంది. సీసా మీద అంకె చదవకుండా సూది ఎక్కించకండి. మొదటి సూది వేసిన ఇరవై నిమిషాలకు దూడ అదే పనిగా ఉచ్చ పోసింది, ఆ రాత్రి ఊపిరి 72 నుంచి 50కి దిగింది. ఎన్నాళ్ళకో మేము నిద్రపోయాం. మందు వాడినన్నాళ్ళూ నీళ్ళు ఎదురుగా ఉండాలి, ఉప్పు గడ్డ మాత్రం దగ్గర ఉండకూడదు.

పాలు కూడా మార్చాం. పొదుగు దగ్గర వదలడం ఆపి రోజుకు 2.7 లీటర్లు, ఐదు విడతలుగా, చనుకట్టు సీసాతో. చనుకట్టు చిల్లు పెద్దది చేసి తొందరగా తాగించాలని చూడకండి, పొరబోతుంది. మూడు గుక్కలకోసారి సీసా మనమే తీసేసి ఊపిరి తీసుకోనివ్వాలి. విడతకు పన్నెండు నిమిషాలు పట్టేది. కొట్టంలో దూడల మందలో కాకుండా విడిగా, ఎండ పొద్దు తగిలే మూల కట్టేశాం, పరుగులు పెట్టకుండా.

అమ్మేద్దామన్నవాళ్ళు ఉన్నారు. సంక్రాంతికి ముందు సంతలో పెయ్యదూడకు మంచి ధరే పలుకుతుంది, బయటికి చూస్తే బక్కదూడలాగే ఉంటుంది. చేయి అక్కడ పెట్టి చూసినవాళ్ళం, ఇంకొకరి కొట్టంలోకి తోలలేకపోయాం.

జనవరి 10కి టేపు 30 కిలోలు చూపింది. మేతలో గడ్డి కొసలు కొరకడం మొదలుపెట్టింది. 18న కొలిస్తే 32 దాటింది! ఎనిమిది రోజుల్లో రెండు కిలోలు, ఎన్నడూ లేనిది. సంతోషంగా డాక్టర్‌సారుకు ఫోన్ చేశాను. ఆయన ఒక్క నిమిషం ఆగి, "రొమ్ము కింద వేలితో నొక్కి చూడు, గుంట నిలుస్తాదేమో" అన్నారు. ముందు కాళ్ళ మధ్య, గంగడోలు మొదట్లో, మెత్తగా ఊరి ఉంది. నొక్కిన వేలిగుర్తు పిండి ముద్దలో పడ్డట్టు అలాగే నిలిచిపోయింది. మెడ నరం చూపుడువేలంత లావు తేలి, దవడ దాకా కొట్టుకుంటోంది. పెరిగింది దూడ కాదు, నీరు. టేపుతో తూకం చూసేవాళ్ళు చుట్టుకొలత ఒక్కసారిగా పెరిగితే ముందు రొమ్ము నొక్కి చూడండి. ఆ రోజు నేను ఫోన్ పెట్టేసి చాలాసేపు గాటి దగ్గరే కూర్చున్నా.

పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేస్తే గంటన్నరకు బండి వచ్చింది. మోతాదు రోజుకు మూడు పూటలు చేశారు. సెలైన్ పెట్టమని పక్కవాళ్ళు ఒకటే గోల, నీరసంగా ఉందని. పెట్టకూడదు. ఊపిరితిత్తుల్లో నీరు నిలిచిన దూడకు నరంలోకి ఇంకా నీళ్ళెక్కిస్తే మునిగిపోతుంది. 21 నుంచి పాలు సగానికి పడ్డాయి. 23 రాత్రి పడుకోవడమే మానేసి, మోచేతులు బయటికి తిప్పి నిలబడింది. మరుసటి రోజు పొద్దున డాక్టర్‌ను పిలిచి బాధ లేకుండా పంపమని అడుగుదామని నిర్ణయించుకున్నాం. ఆయన రాకముందే, నాలుగున్నరకు, పోయింది.

శవ పరీక్ష మేమే అడిగాం. ఫీజు లేదు, కానీ కడుపు ఉబ్బకముందే, అయిదారు గంటల్లోపు చేయాలి. ఊపిరితిత్తులు ఉబ్బి, కోస్తే గులాబీ నురుగు. కాలేయం జాజికాయ కోసినట్టు మచ్చలు మచ్చలు. గుండె తెరిచి గోడ పైభాగంలో చిల్లు చూపించారు, అంచులు నున్నగా, తెల్లగా, బొత్తాం కాజాలా ఉన్నాయి. నా బొటనవేలు దూరింది. తెగిన గాయమైతే అంచులు చిరిగినట్టు ఉండేవి. ఇది అమ్మ కడుపులో, తొలి దశలోనే మూసుకోవాల్సిన గోడ మూసుకోకుండా మిగిలిపోయింది. ఆవుకు మేము పెట్టిన మేతలో ఏమైనా లోపమా అని ఆ 73 రోజులూ నన్ను తొలిచిన ప్రశ్న ఆ అంచులు చూశాక కొంచెం నెమ్మదించింది. ఆరడుగుల గుంత, సున్నం, కూలి కలిపి 600.

మొత్తం లెక్క వేస్తే మందులకు, ఆటోలకు, పరీక్షలకు, ఫ్యూరోసెమైడ్ సూదులకు (అవి ముప్పై అయిదు రోజులకు 720), గుంతకు కలిపి 6,220 రూపాయలు. తాగిన పాలు ఇందులో లేవు. మొదటి రెండు రౌండ్ల యాంటీబయాటిక్కులు, దండగ ట్రిప్పు తీసేస్తే దాదాపు సగమే.

ఇక వంశం సంగతి. ఒక్క దూడను చూసి ఆబోతుదే తప్పని ఎవరూ చెప్పలేరు, కానీ అదే ఆవుకు అదే ఆబోతు సూది మళ్ళీ వేయించవద్దన్నారు. బతికి ఉంటే ఆ పెయ్యకూ ఎద సూది వేయించకూడదు. మా రైతు సేవా కేంద్రంలో రిజిస్టరు తిప్పితే ఫిబ్రవరి 5 పేజీలో ఆవు చెవి పోగు 12 అంకెల నంబరు ఎదురుగా గడ్డిపోచ నంబరు రాసి ఉంది. వీర్యం నింపిన ఆ సన్న గొట్టాన్ని మా దగ్గర గడ్డిపోచనే అంటారు, దాని మీదే ఆబోతు నంబరు అచ్చు వేసి ఉంటుంది. సూది అయ్యాక పారేస్తారు, అడిగి తీసుకుని దాచుకోండి, లేదా ఫోటో తీసుకోండి. మా పేజీలో రాసి ఉండబట్టి సరిపోయింది.

ఫిబ్రవరి 11న ఆవు ఎదకొచ్చింది. వేరే ఆబోతు గడ్డిపోచ చూపించుకుని, ఫోటో తీసుకుని వేయించాం. అదే రోజు డాక్టర్‌సారు ఊళ్ళో పాత నంబరుకే పుట్టిన మూడు దూడలను రెండు పక్కలా కాళ్ళు లాగి మరీ విన్నారు. మూడింటిలోనూ చప్పుడు లేదు. మూడోదాన్ని వింటుంటే అది సారు జేబులోని చీటీల పుస్తకం లాగి సగం నమిలేసింది.